లైసెన్సు వచ్చే వయసు, బండి అప్పగించే వయసు

కుర్రవాళ్లు నడిపిన వాహనం పెద్ద ప్రమాదానికి కారణమైన ప్రతిసారీ, వాహనం నడపడానికి చట్టం పెట్టిన కనీస వయసును పెంచాలన్న వాదన మళ్లీ ముందుకు వస్తుంది. ఆ వాదన వెనుక గట్టి కారణమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 11 లక్షల 90 వేల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసు వారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. అయితే చట్టం మారేదాకా తల్లిదండ్రులు ఎదురుచూస్తూ కూర్చోలేరు. చట్టం ఏ వయసును నిర్ణయించినా, ఆ వయసు నిండిన రోజునే బండి తాళాలు పిల్లల చేతిలో పెట్టాలా, పెడితే ఏ షరతులతో పెట్టాలి అన్నది ఇంట్లోనే తేలవలసిన విషయం. ఆ నిర్ణయం తీసుకోవడం ఎలా, తీసుకున్నాక దాన్ని అంచెలంచెలుగా అమలు చేయడం ఎలా అన్నదే ఇక్కడ వివరిస్తున్నాను.

వయసు పెంచితే ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

కనీస వయసు ఎంత ఉండాలన్న విషయంలో దేశాలు ఒక్క మాట మీద లేవు. బ్రిటన్ 1903లోనే కారు నడపడానికి 17 ఏళ్లు నిండాలని చట్టం చేసింది; నేటికీ అక్కడ అదే వయసు. భారతదేశం, చైనా, జపాన్, బ్రెజిల్ వంటి దేశాల్లో కారుకు 18 ఏళ్లు నిండాలి. న్యూజిలాండ్ 2011లో కనీస వయసును 15 నుంచి 16కు పెంచగా, ఫ్రాన్స్ 2024 జనవరి నుంచి 18ని 17కు తగ్గించింది. ఒకే సమస్యను ఎదుర్కొంటున్న దేశాలు ఎదురెదురు దిశల్లో వెళ్లడానికి కారణం, కొత్త డ్రైవరు చేసే ప్రమాదాల వెనుక రెండు వేర్వేరు లోపాలు ఉండడమే. ఒకటి లేత వయసు, రెండోది అనుభవం లేకపోవడం.

లేత వయసు వల్ల కలిగే ప్రమాదం కల్పితం కాదు. ముందుచూపునూ ఆవేశ నియంత్రణనూ చూసుకునే మెదడు ముందు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. పక్కన స్నేహితులు ఉన్నప్పుడు తెగింపు పెరగడం, వేగాన్ని తక్కువగా అంచనా వేయడం, ప్రమాదం తమకు జరగదని నమ్మడం ఆ వయసు లక్షణాలు. కాని ఏ వయసులో మొదలుపెట్టినా, ఒంటరిగా నడపడం మొదలైన తొలి నెలల్లోనే ప్రమాదాలు అత్యధికంగా ఉంటాయనీ, ఆరు నెలలు గడిచేసరికి అవి బాగా తగ్గుతాయనీ పలు దేశాల్లో జరిగిన పరిశీలనలు చూపాయి. ముప్ఫై ఏళ్లకు కొత్తగా నేర్చుకున్నవారికీ ఆ తొలి నెలలు తప్పవు. పదహారేళ్లవారికి ఆ శిఖరం ఇంకా ఎత్తుగా ఉంటుంది, అంతే తేడా. అంటే వయసు పెంచితే మొదటి లోపం కొంత తగ్గుతుంది గాని, రెండో లోపం అలాగే ఉండిపోయి కొన్నేళ్లు వెనక్కి జరుగుతుంది.

దీన్ని బయటపెట్టిన రెండు అనుభవాలు ఉన్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్త డ్రైవర్లకు అంచెల లైసెన్సు విధానాన్ని పెట్టాయి. ముందు పక్కన పెద్దవారు ఉంటేనే నడపాలి, తర్వాత కొన్ని పరిమితులతో ఒంటరిగా నడపవచ్చు, చివరికి పూర్తి లైసెన్సు వస్తుంది. 2011లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం, ఈ నిబంధనలు గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో 16 ఏళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు తగ్గాయి, కాని 18 ఏళ్ల వారిలో పెరిగాయి. 18 నిండేదాకా ఆగితే ఆ అంచెలు తప్పించుకోవచ్చని చాలామంది ఆగి, అనుభవం లేకుండానే పూర్తి లైసెన్సుతో రోడ్డెక్కడం దీనికి ఒక కారణం కావచ్చు. రెండో అనుభవం స్వీడన్‌ది. అక్కడ లైసెన్సు వయసు 18 గానే ఉంచి, పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే వయసును మాత్రం 1993లో పదిహేడున్నర నుంచి 16కు తగ్గించారు. ఆ అదనపు కాలాన్ని వాడుకుని ఎక్కువ గంటలు సాధన చేసినవారు లైసెన్సు వచ్చాక తక్కువ ప్రమాదాలకు గురయ్యారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పదిహేను, పదహారేళ్లకే ఒంటరిగా నడపనిచ్చే చోట వయసు పెంచడం మంచిదే. ఇప్పటికే 18 ఉన్న చోట దాన్ని 20కో 21కో పెంచడం వల్ల కలిగే మేలు స్వల్పం. పనికీ చదువుకూ బండి తప్పనిసరి అయినవారు లైసెన్సు లేకుండా నడిపే చెడు అలవాటు పెరిగే అవకాశం మాత్రం ఉంది. అంతకన్నా, ఒంటరిగా నడిపే మొదటి ఏడాదిని అంచెలుగా విడగొట్టడమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. న్యూజిలాండ్ 1987లోనే మొదలుపెట్టిన ఈ పద్ధతి మీ ప్రాంతపు చట్టంలో లేకపోయినా, మీ ఇంట్లో అమలు చేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

చట్టం చెప్పిన వయసు కంటే ముందు

ఈ దశలో పాటించవలసిన మొదటి నియమానికి మినహాయింపులు లేవు: చట్టం అనుమతించిన వయసు రాకముందు పిల్లలు రోడ్డు మీద బండి నడపకూడదు. వీధి చివరిదాకానే కదా, ఆదివారం పొద్దున్నే కదా అనే సడలింపు పిల్లలకు నేర్పేది డ్రైవింగు కాదు. చట్టం చూసేవాళ్లు లేనప్పుడు వర్తించదన్న పాఠం. 2019లో భారతదేశం మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మైనరు నడిపి నేరం చేస్తే బండి యజమానినీ సంరక్షకుణ్నీ దోషులుగా చూసే సెక్షను చేర్చడం వెనుక ఉన్నది ఈ ఆలోచనే. తాళం చెవి ఇచ్చిన చేయి కూడా ఆ ప్రమాదంలో భాగమే.

అలాగని ఆ ఏళ్లు వృథా కానక్కరలేదు. పిల్లలు మీ పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఫోను పక్కన పెట్టించి, రోడ్డు మీద కనిపించేదంతా నోటితో చెప్పమనండి. ఎడమ వైపు ఆగి ఉన్న కారు ముందు చక్రాలు తిరిగి ఉన్నాయి కాబట్టి అది బయటికి రావచ్చు. బస్సు ఆగింది కాబట్టి దాని ముందు నుంచి ఎవరైనా రోడ్డు దాటవచ్చు. బంతి దొర్లుకుంటూ వచ్చింది కాబట్టి వెనకే పిల్లవాడు పరుగెత్తుకు రావచ్చు. కొత్త డ్రైవర్ల చూపు బానెట్‌కు కాస్త ముందే ఆగిపోతుంది, అనుభవజ్ఞుల చూపు దూరంగా, విశాలంగా, అద్దాల వైపుగా తిరుగుతూ ఉంటుంది. ఈ చూపును స్టీరింగు పట్టుకోకుండానే నేర్పవచ్చు. వారానికి రెండుసార్లు పది నిమిషాలు చాలు.

పిల్లలు సిద్ధంగా ఉన్నారా అని తేల్చుకోవడానికి వయసు కంటే ప్రవర్తనే మంచి కొలత. సైకిల్ మీద వెళ్లేటప్పుడు కూడలి దగ్గర ఆగి చూస్తున్నారా? చెప్పిన వేళకు ఇంటికి వస్తున్నారా, ఆలస్యమైతే ముందుగా చెబుతున్నారా? కోపం వచ్చినప్పుడు ఎంతసేపట్లో తేరుకుంటున్నారు? స్నేహితులు పట్టుబట్టినా ఒక్కసారైనా వద్దనగలిగారా? ఇందులో సగానికి పైగా కాదనే జవాబు వస్తే, చట్టం ఏం చెప్పినా ఆరు నెలలు ఆగడం తప్పు కాదు. కారణం దాచకుండా పిల్లలకు చెప్పి మరీ ఆగండి.

పక్కన కూర్చుని నేర్పే నెలలు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన దశ ఇదే, చాలా ఇళ్లలో అన్నిటికంటే తొందరగా ముగిసిపోయే దశ కూడా ఇదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్ల లోపు అభ్యాసకులు లైసెన్సు పరీక్షకు వెళ్లే ముందు 120 గంటలు పర్యవేక్షణలో నడిపినట్టు పుస్తకంలో రాసి చూపాలి, వాటిలో 20 గంటలు రాత్రివేళవై ఉండాలి. శిక్షణ సంస్థలో కొన్ని వారాల పాఠాలతో బండి కదపడం, ఆపడం, పరీక్ష నెగ్గడం వస్తాయి. రోడ్డు చదవడం రాదు. మీరు 120 గంటలు కుదుర్చుకోలేకపోయినా, ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, గంటలు, రోడ్డు రకం, వెలుతురు, వాతావరణం రాస్తూ వెళ్లండి. రోడ్డు రకం రాయమనడానికి నాకు సొంత కారణం ఉంది. మా అబ్బాయికి నేర్పినప్పుడు నేను గంటలే లెక్కపెట్టాను, అవి ఏ రోడ్డు మీద గడిచాయో చూడలేదు. నలభై గంటలు అయిపోయాయని నిశ్చింతగా ఉన్నాను; అవన్నీ దాదాపు ఒకే దారి మీద, ఎండపూటే గడిచాయి. తొలిసారి సంధ్యవేళ జోరువాన పట్టుకున్నప్పుడు, వైపరు మీట కోసమూ లైట్ల మీట కోసమూ వాడు తల వంచి వెతికిన ఆ మూడు నాలుగు సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తప్పు వాడిది కాదు, నాది.

వరుస ఇలా పెట్టుకోవడం మంచిది. మొదట వాహనాలు లేని ఖాళీ స్థలంలో ఆపడం నేర్పండి, కదపడం తర్వాత. బ్రేకు మీద కాలి ఒత్తిడి ఎంతకు బండి మెత్తగా ఆగుతుందో, ఎంతకు గట్టిగా ఆగుతుందో కాలికి తెలిసేదాకా అదే పని చేయించాలి. ఆ తర్వాతే నడక వేగంలో మలుపులు, క్లచ్ అదుపు, వెనక్కి నడపడం, నిలపడం. రెండో మెట్టు వాహనాలు తక్కువగా తిరిగే వీధులు. మూడోది కూడళ్లు, వీటికి అన్నిటికంటే ఎక్కువ వారాలు కేటాయించండి, ఎందుకంటే ఎదుటి వాహనం వేగాన్నీ దూరాన్నీ ఒకేసారి అంచనా వేయడం కొత్తవారికి చాలా కష్టం. ఆ తర్వాత రద్దీ, ఆపైన వేగంగా వెళ్లే రహదారి. తెలిసిన దారిలో రాత్రి నడపడం, వానలో నడపడం చివర్లో. ఒక మెట్టు మీద వరుసగా మూడు నాలుగు రోజులు మీరు నోరు విప్పవలసిన అవసరం రాకపోతేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

వేగం గురించి ఉపన్యాసం ఇవ్వడం కంటే కొలిచి చూపడం మేలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదకు రావడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపే 21 మీటర్లు గడిచిపోతాయి; పొడి రోడ్డు మీద బ్రేకు పట్టాక ఇంకో 14 మీటర్లు. మొత్తం 35 మీటర్లు. ఖాళీ స్థలంలో ఒక రాయి పెట్టి అక్కడి నుంచి ఆ 35 మీటర్లు పిల్లల చేత అడుగులు వేయించండి. తర్వాత 100 కిలోమీటర్ల వేగానికి లెక్క కట్టమనండి. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగు రెట్లవుతుంది కాబట్టి, 14 కాస్తా 55 దాటుతుంది, మొత్తం దూరం సుమారు 97 మీటర్లకు చేరుతుంది. కాగితం మీద అంకెగా చదివిన దూరానికీ, నడిచి చూసిన దూరానికీ చాలా తేడా ఉంది. ఈ ఒక్క సాయంత్రం పని మీరు వంద సార్లు చెప్పే హెచ్చరికలకు సమానం.

పక్కన కూర్చున్నవారి మాట తీరు కూడా నేర్చుకోవలసిందే. "అటు తిరుగు" అని మలుపు దగ్గరికి వచ్చాక చెప్పకండి. వంద మీటర్ల ముందే, ముందు ఎక్కడో చెప్పి తర్వాత ఏం చేయాలో చెప్పండి. "చూసుకో" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు, ఏం చూడాలో అది చెప్పదు. "ఆపు" అన్న మాటను నిజంగా ఆపవలసిన క్షణానికే దాచిపెట్టి, ఆ మాట వినగానే ప్రశ్నించకుండా బ్రేకు వేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. తప్పు జరిగినప్పుడు అక్కడికక్కడ అరవడం వల్ల తర్వాతి తప్పు వెంటనే జరుగుతుంది. పక్కకు తీసి ఆపించి, ఏం చూశావు, ఏం అనుకున్నావు అని అడిగితే, తప్పు కాలిదా చూపుదా అన్నది బయటపడుతుంది. చాలాసార్లు అది చూపుదే. మీరు సహనం కోల్పోయే స్వభావం గలవారైతే ఆ బాధ్యతను ఇంట్లో మరొకరికి అప్పగించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీరు నడిపే తీరును పిల్లలు ఏళ్ల తరబడి వెనక సీట్లోంచి చూస్తూ వచ్చారన్నది మరవకండి. ఫోను చెవికి ఆనించుకుని నడిపే తండ్రి, పసుపు లైటు పడగానే వేగం పెంచే తల్లి చెప్పే నియమాలకు విలువ ఉండదు.

ఒంటరిగా వెళ్లే మొదటి ఏడాది

పరీక్ష నెగ్గిన రోజు సంబరంగా ఉంటుంది, కాని లెక్కల ప్రకారం అసలు ప్రమాదం ఆ మరుసటి రోజు మొదలవుతుంది. పక్కన పెద్దవారు ఉన్నంతకాలం అభ్యాసకుల ప్రమాదాలు చాలా తక్కువ. ఆ సీటు ఖాళీ అయిన నెలలోనే అవి ఒక్కసారిగా ఎగబాకుతాయి. అందుకే షరతులన్నీ ఒక కాగితం మీద రాసి, రెండు పక్షాలూ సంతకం చేసి, ఏ షరతు ఎప్పుడు సడలుతుందో తేదీలతో సహా పెట్టుకోండి. నోటి మాటగా ఉన్న షరతు మొదటి పుట్టినరోజు వేడుక దగ్గరే జారిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది స్నేహితులను ఎక్కించుకోవడం గురించిన షరతు. డ్రైవరూ టీనేజీవారే, పక్కనున్నవారూ టీనేజీవారే అయినప్పుడు, ఒక్కొక్కరు ఎక్కేకొద్దీ ప్రాణాంతక ప్రమాద భయం పెరుగుతుందని అమెరికా పరిశోధనలు చాలాసార్లు చూపాయి. పెద్దవారు ఎక్కినప్పుడు మాత్రం అది తగ్గుతుంది. మొదటి ఆరు నెలలు తోటి వయసువారిని ఎవరినీ ఎక్కించుకోకూడదు, ఆ తర్వాత ఆరు నెలలు ఒక్కరినే అన్నది సమంజసమైన హద్దు. దీనికి పిల్లల నుంచి గట్టి అభ్యంతరం వస్తుంది, స్నేహితుల ముందు చిన్నబోతామంటారు. "మా ఇంట్లో ఒప్పుకోరు" అని నింద మీ మీద వేసే హక్కును వారికి ఇవ్వండి. అది వారికి నిజంగా అవసరమైన ఆసరా.

రెండోది రాత్రి. న్యూజిలాండ్‌లో మధ్య దశ లైసెన్సు ఉన్నవారు రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒంటరిగా నడపకూడదు. అదే హద్దును మీరూ పెట్టుకోవచ్చు. చీకటి ఒక్కటే కాదు, నిద్ర కూడా ఇందులో ఉంది: 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, చాలా దేశాల్లో చట్టబద్ధమైన హద్దు అయిన 0.05 శాతం మద్యం రక్తంలో ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండింటికి బయలుదేరే విద్యార్థి ఆ హద్దులోనే ఉన్నాడు.

ఫోను విషయంలో మాట తక్కువ, పని ఎక్కువ ఉండాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెర వైపు చూస్తే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. బండి కదలకముందే దారి పెట్టుకోవడం, ఫోనును చేతికి అందని చోట వెనక సీట్లో వేయడం అలవాటు చేయించండి. పిల్లలు బండి మీద ఉన్నారని తెలిసి కూడా ఎక్కడున్నావని ఫోను చేసే తల్లిదండ్రులు ఆ అలవాటు మానుకోవాలి. ఎత్తకపోతే కోప్పడే తల్లిదండ్రులు ఇంకా ముందు మానుకోవాలి.

వీటితోపాటు ఒక మాట మీరు ఇవ్వాలి. స్నేహితుడు తాగి నడపబోతున్నా, తామే నిద్రమత్తులో ఉన్నా, ఏ వేళలోనైనా ఫోను చేస్తే మీరు వచ్చి తీసుకెళ్తారనీ, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరనీ చెప్పండి. చెప్పాక నిలబెట్టుకోండి. ఒక్కసారి ఆ రాత్రే తిట్టారంటే రెండోసారి ఆ ఫోను రాదు.

ఏ బండి ఇవ్వాలన్నది కూడా ఆలోచించవలసిందే. ఇంట్లో అన్నిటికంటే పాతదీ చిన్నదీ పిల్లలకు పడేయడం వాడుక. అనుభవం లేని డ్రైవరుకే ఎయిర్ బ్యాగులు, జారకుండా నిలిపే వ్యవస్థ ఉన్న బండి ఎక్కువ అవసరం. ఇంజను శక్తి మాత్రం మితంగా ఉండాలి.

ద్విచక్ర వాహనమైతే

ఇక్కడ పక్క సీటు లేదు. వెనక కూర్చుని నేర్పడం బరువును మార్చి ఇద్దరినీ పడేస్తుంది కాబట్టి, ఖాళీ స్థలంలో నిలబడి నేర్పి, రోడ్డెక్కాక మీరు వేరే బండి మీద వెనక దూరంగా వస్తూ గమనించి, ఆగిన చోట మాట్లాడండి. రెండు బ్రేకులూ కలిపి పట్టడం, ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదేనని తెలుసుకోవడం, ఇసుకా తడీ ఉన్న చోట ముందు బ్రేకును మెత్తగా వాడడం వారాల తరబడి చేయించాలి. హెల్మెట్ మరణావకాశాన్ని దాదాపు 42 శాతం తగ్గిస్తుందని అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడిన క్షణంలోనే అది ఊడిపోతుంది. నా వరకు, ద్విచక్ర వాహనానికి కారు కంటే కనీస వయసు తక్కువగా ఉండడాన్ని నేను సమర్థించలేను. చుట్టూ ఇనుప గూడు లేని బండిని ముందుగా ఇచ్చి, గూడున్నదాన్ని తర్వాత ఇవ్వడం తలకిందుల వరుస.

వెనక్కి తగ్గవలసి వస్తే

షరతు దాటినట్టు తెలిస్తే బండి మొత్తంగా లాక్కోవడం కంటే ఒక మెట్టు కిందికి దింపడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. రాత్రి హద్దు దాటితే నెల రోజులు పగటి వేళకే పరిమితం చేయండి. చిన్న గీత పడితే, అది పడిన చోటికి ఇద్దరూ వెళ్లి ఏం కనిపించలేదో చూసి, మళ్లీ పది గంటలు పక్కన కూర్చోండి. దాచిపెట్టినందుకు శిక్ష, చెప్పినందుకు సడలింపు ఉంటుందని మొదటే చెప్పి ఉంచాలి. మద్యం తాగి నడిపితే మాత్రం మెట్లు లేవు. తాళాలు వెనక్కి తీసుకోవాలి.

ఏడాది పూర్తయ్యాక ఒక రోజు మళ్లీ పక్క సీట్లో కూర్చోండి. ఏమీ చెప్పకుండా, ఒక గంటలో అద్దం ఎన్నిసార్లు చూశారు, ముందు బండికి ఎంత దూరం వదిలారు, పసుపు లైటు దగ్గర ఏం చేశారు అన్నది గమనించండి. మీకు తృప్తిగా ఉంటే ఇంటికి వచ్చి షరతుల కాగితం తీసి, స్నేహితులు, రాత్రి వేళ, దూర ప్రయాణం అన్న పంక్తులను ఒక్కొక్కటిగా కొట్టివేయండి. సీటు బెల్టు, ఫోను, మద్యం అన్న మూడు పంక్తులను కొట్టివేయకండి; ఆ మూడింటి పక్కన మీ పేరు కూడా రాసి సంతకం చేయండి.